దైవజనుడికి పోలీసు వెరిఫికేషనా? హవ్వ!

ఎండాకాలం వచ్చిందంటే గోదావరిఖని చౌరస్తాలో ఫ్లెక్సీలు మొలుస్తాయి. కార్పొరేట్ కాలేజీల ర్యాంకుల ఫ్లెక్సీ పక్కనే పిల్లల బైబిల్ క్లాసుల ఫ్లెక్సీ. పది రోజుల వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్), నాలుగేళ్ళ నుంచి పదిహేనేళ్ళ దాకా అందరికీ ఉచిత ప్రవేశం, ఆటలు, పాటలు, బహుమతులు, ఆఖరి రోజు బిర్యానీ. నడుమ పాస్టరు అయ్యగారి నిలువెత్తు ఫొటో, పక్కన అమ్మగారు, కింద వరసగా సంఘ పెద్దలు, మూలన ముఖ్య ప్రసంగీకుడు, ఆయన పేరు ముందు డాక్టరు, పేరు కింద కానుకల కోసం క్యూఆర్ కోడు. ప్రార్థన మనవులకు మూడు సెల్ నంబర్లు. ఇంత పెద్ద గుడ్డ మీద నాలుగంకెలకు మాత్రం జాగా దొరకలేదు: 1098. పిల్లలకు ఆపద వస్తే పగలూ రాత్రీ పలికే నంబరు అది. పెడితే బాగుంటుంది కదా అంటే, "శుభమా అని పిల్లల పండుగ చేసుకుంటుంటే ఆ అపశకునం నంబరెందుకండీ" అంటారు. శకునాలు నమ్మకూడదని నెలకోసారి ప్రసంగం చేసేది కూడా వీళ్ళే.

సరే, నంబరు లేదు. ఆ పది రోజులూ పిల్లల్ని ఎవరికి అప్పజెప్తున్నారు? జవాబు నోటి చివరే ఉంటుంది: "ఆ తమ్ముడికి పిల్లల పరిచర్య మీద మంచి భారం ఉందండీ." భారం ఉంటే చాలు. కీబోర్డు వస్తే మరీ మంచిది. గొంతు కూడా బాగుంటే ఇక సాక్షాత్తూ దేవుడు పంపినట్టే. ఇంతకుముందు ఎక్కడుండేవాడు? గోదావరి అవతల ఏదో సంఘంలో. అక్కడెందుకు మానేశాడు? దేవుడు ఇటు నడిపించాడు. అవతలి అయ్యగారికి ఫోన్ చేసి ఒక మాట కనుక్కున్నారా? అయ్యో, దేవుని నడిపింపును ఎవరైనా ఆరా తీస్తారా!

అదే మందిరంలో కానుకల పెట్టె తెరవాలంటే ముగ్గురుండాలి. బ్యాంకులో డబ్బు తీయాలంటే ఇద్దరు సంతకం పెట్టాలి. సౌండ్ మిక్సరు దాచిన బీరువా తాళం కోశాధికారి జేబు దాటి బయటికి రాదు. కొత్తవాడెవడైనా డ్రమ్స్ మీద చెయ్యి వేస్తే నలుగురు కేకలేస్తారు. కొత్తవాడు పిల్లల గదిలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకుంటే మాత్రం, "ఎంత తగ్గింపు స్వభావం చూడండి, వచ్చిన వారానికే పరిచర్యలో దిగిండు" అని మురిసిపోతారు.

ఈ ఊరికి జాగ్రత్త అంటే తెలియదా? దేశానికి పాఠం చెప్పేంత తెలుసు. బొగ్గు బాయి దిగే మనిషిని అడగండి. ముప్పై ఏళ్ళ సర్వీసున్నా, రేపే రిటైరవుతున్నా, లోపలికి పోయేముందు బీడీ, అగ్గిపెట్టె ఉన్నాయేమోనని జేబులు తడిమించుకోవాల్సిందే. "నా మీదనే అనుమానమా" అని ఎవడూ అలగడు. లోపల భద్రత చూసే సర్దారు షిఫ్టు షిఫ్టుకూ గ్యాసు చూస్తాడు. కర్రతో రూఫ్ కొట్టి వింటాడు. డొల్ల శబ్దం వస్తే ముందు మనుషుల్ని అవతలికి జరుపుతాడు, తర్వాత మాట్లాడతాడు. నిన్న చూసిందే కదా అని ఇవాళ వదిలెయ్యడు. అలా కొట్టి చూడటం రూఫ్‌కు అవమానమని ఏ యూనియనూ ఇంతవరకు సమ్మె నోటీసివ్వలేదు. కొత్తగా ఉద్యోగమొచ్చినవాడు వీటీసీలో, అంటే వృత్తి శిక్షణ కేంద్రంలో, ట్రైనింగు కాకుండా పనిలోకి దిగడానికి లేదు. ఇన్ని ఉన్న చోట కూడా 2003 జూన్ 16న 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్ళు దూసుకొచ్చి 17 మంది పోయారు. నీళ్ళను క్షమించేసి, కన్నీటి ప్రార్థన చేసి, మర్నాడు షిఫ్టు నడుపుకుందామని ఆ రోజు ఎవరైనా అని ఉంటే ఖని జనం ఏం చేసి ఉండేవారో నేను చెప్పనక్కర్లేదు.

ఆ సర్దారే ఆదివారం నాడు సంఘ పెద్ద. ఆరు రోజులు రాయిని నమ్మని మనిషి ఏడో రోజు ఎవణ్ణయినా నమ్మేస్తాడు.

పోలీసు వెరిఫికేషన్ మాటెత్తితే ముక్కు మీద వేలేసుకుంటారు. దైవజనుడి గురించి పోలీసుల్ని అడగడమా! హవ్వ! ఆ దైవజనుడే పరిశుద్ధ దేశ యాత్రకు పాస్‌పోర్టు పెట్టుకున్నప్పుడు ఆధారు, రేషను కార్డు, ఇద్దరు సాక్షులతో ఠాణా బెంచీ మీద బుద్ధిగా కూర్చుని వెరిఫికేషన్ చేయించుకున్నాడు. యెరూషలేము చూడటానికి కావాల్సి వచ్చిన కాగితం, యైటింక్లయిన్ కాలనీలో పాతికమంది పిల్లలతో గదిలో ఉండటానికి అక్కర్లేదు. పిల్లల మీద లైంగిక నేరాలకు అడ్డుకట్ట వేసే పోక్సో చట్టం కింద 2020లో వచ్చిన నిబంధనల్లో మూడోది చదివి చూడండి. పిల్లలుండే సంస్థలు, పిల్లలతో తరచూ పనిపడే సంస్థలు తమ సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించాలి, అదీ ఒక్కసారి కాదు, అప్పుడప్పుడూ చేయిస్తూ ఉండాలి, పిల్లల రక్షణ మీద శిక్షణ కూడా ఇప్పించాలి. దీనికి మన పెద్దల దగ్గర తిరుగులేని జవాబుంది: "మాకు సిబ్బందే లేరు. అందరూ ఉచితంగా చేసే సేవకులే." జీతం లేకపోతే చేతులుండవు కాబోలు.

ఇప్పుడొక పిల్ల సండే స్కూలుకు పోనని మొండికేసిందనుకుందాం. ఇది ఏ ఒక్క మందిరం కథా కాదు. పేర్లు కూడా అక్కర్లేదు, హోదాలు చాలు.

"వందనాలయ్యగారూ. మా పిల్ల నెల దినాల సంది క్లాసుకు పోనంటుంది. మాస్టరు పేరెత్తితే వణుకుతుంది."

"సాతాను పనమ్మా ఇది. బిడ్డను దేవునికి దూరం చెయ్యాలని చూస్తుండు. మూడు దినాలు ఉపవాసముండు."

ఉపవాసం తల్లికి. మాస్టరుకు ఆ మూడు రోజులూ ఎవరో ఒకరింట్లో భోజనమే.

నాలుగో రోజు పిల్ల నోరు విప్పింది. తల్లి మళ్ళీ వచ్చింది, ఈసారి వందనాలు చెప్పకుండా. రాత్రి తొమ్మిదికి సంఘ పెద్దలు కూర్చున్నారు. అయిదుగురూ మగవాళ్ళే. అమ్మగారు ఉన్నారు గానీ చాయ్ పెట్టడానికి. పిల్లను నడుమ నిలబెట్టారు, ఎదురుగా ఆ మాస్టరు. "భయపడకు బిడ్డా, జరిగింది చెప్పు. అబద్ధమాడితే దేవుడు చూస్తుంటడు." దేవుడు ఎవరివైపు చూస్తున్నాడో ఆ ఒక్క వాక్యంలో పిల్లకు తెలిసిపోయింది. రెండు మాటలు చెప్పి ఆగిపోయింది. "చూశారా, మాట మీద నిలబడట్లేదు" అన్నాడొక పెద్ద. అంతలో మాస్టరు మోకాళ్ళ మీద పడి వెక్కి వెక్కి ఏడ్చాడు. తనను శోధన జయించిందట. పెద్దల కళ్ళు చెమర్చాయి. ఎంత పశ్చాత్తాపం, ఎంత నలిగిన హృదయం! పిల్ల ఏడవలేదు కాబట్టి ఆమె హృదయం నలిగినట్టు ఎవరికీ రుజువు దొరకలేదు. "క్షమించినానని చెప్పమ్మా, దేవుడు నిన్ను దీవిస్తడు." చెప్పింది. చెప్పకపోతే ఆ రాత్రి ఎవరూ ఇంటికి పోయేలా లేరు మరి.

తీర్పు: మాస్టరు ఆరు నెలలు స్టేజి ఎక్కకూడదు. ఈలోగా భూపాలపల్లి వైపు ఒక బ్రాంచి సంఘంలో పిల్లల పనికి మనిషి కావాలన్నారు, అక్కడికి పంపుదాం. ఒక సిఫారసు ఉత్తరం రాసిద్దాం. పిల్ల తండ్రికి చెవిలో ఒక మాట: "రేపు పెండ్లి కావాల్సిన బిడ్డ, బయట పొక్కనీయకు." ఇంత గుట్టుగా తేల్చిన వ్యవహారం తెల్లారేసరికి సంఘం వాట్సాప్ గ్రూపులో ప్రార్థన మనవిగా దర్శనమిచ్చింది: ఫలానా లైనులో ఉండే ఫలానా సిస్టర్ కుమార్తెకు చెప్పుకోలేని సమస్య, కన్నీటితో ప్రార్థించండి. రెండొందల మంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టి, ఆ చెప్పుకోలేనిది ఏమై ఉంటుందా అని లెక్కలు కట్టడం మొదలుపెట్టారు. బిడ్డ పేరు, ఇల్లు, కుటుంబం పత్రికల్లోనైనా రాకూడదని పోక్సో చట్టం 23వ సెక్షన్లో రాసుకుంది పాపం, ప్రార్థన గ్రూపుల శక్తి దానికి తెలియక.

ఈ పంచాయితీకి వాక్యాధారం ఉంది, గాలికి చేసింది కాదు. మత్తయి సువార్త 18వ అధ్యాయం, 15వ వచనం. సహోదరుడు నీ పట్ల తప్పు చేస్తే ముందు ఒంటరిగా పోయి మాట్లాడు, వినకపోతే ఇద్దరు ముగ్గుర్ని వెంట తీసుకుపో, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పు. బంగారం లాంటి మాట, చేబదులు ఎగ్గొట్టినవాడి విషయంలో, నల్లా కాడ తగాదాల విషయంలో. కానీ అదే అధ్యాయంలో తొమ్మిది వచనాల ముందు ఇంకో మాట ఉంది. యేసు ఒక చిన్నపిల్లవాణ్ణి నడుమ నిలబెట్టాడు, నిలదీయడానికి కాదు, పెద్దలకు చూపించడానికి. ఇలాంటి చిన్నవాళ్ళను చెడగొట్టేవాడికి మెడలో తిరగలి రాయితో సముద్రంలో మునగడమే మేలన్నాడు. మన పెద్దలు అధ్యాయాన్ని పదిహేనో వచనం నుంచి మొదలుపెడతారు. ఖనిలో సముద్రం లేదు కదా, ఆరో వచనం మనకు వర్తించదనుకున్నారేమో. నేనేమీ గోదావరి బ్రిడ్జి చూపించడం లేదు. వన్‌టౌన్, టూటౌన్ అని ఠాణాలున్నాయి, దారి అడిగితే ఆటోవాలా చెప్తాడు.

"దావీదు కూడా పడిపోలేదా?" అనేది వాళ్ళ రెండో అస్త్రం. పడిపోయాడు. అప్పుడు నాతాను రాజు ఎదురుగా నిలబడి, ఆ మనిషివి నువ్వేనని మొహం మీద చెప్పాడు. దావీదును ఆరు నెలలు కీర్తనలు పాడకుండా ఆపి, పక్క రాజ్యానికి సిఫారసు ఉత్తరం రాసివ్వలేదు. సరే, దావీదు ఇంటి సంగతే ఎత్తారు కాబట్టి ఒక్క అధ్యాయం ముందుకు పోదాం. దావీదు కొడుకు అమ్నోను, చెల్లెలి వరసైన తామారును నమ్మించి గదిలోకి పిలిపించుకుని పాడుచేశాడు. ఆమె బూడిద నెత్తిన పోసుకుని ఏడుస్తూ బయటికొస్తే సొంత అన్న అబ్షాలోము ఊరుకోమన్నాడు, వాడు నీ అన్నే కదా అన్నాడు. తండ్రికి సంగతి తెలిసి చాలా కోపం వచ్చిందని రాసి ఉంది. వచ్చి ఏం చేశాడన్నది మాత్రం రాసి లేదు, ఎందుకంటే ఏమీ చేయలేదు. రెండేళ్ళు తిరిగేసరికి అబ్షాలోము అమ్నోనును విందుకు పిలిచి చంపించాడు. సండే స్కూలు గోడల మీద దావీదు, గొల్యాతు, వడిసెల అన్నీ ఉంటాయి. తామారు బొమ్మ మాత్రం ఎక్కడా కనిపించదు.

పెద్దలకు వాక్యం ఒక్కటే చాలదు, లోకంలో ఏం జరుగుతోందో కూడా కాస్త చెప్పాలి. కేరళలో కన్నూరు జిల్లా కొట్టియూరులో ఒక మైనరు బాలిక బిడ్డను కన్నది. 2017లో సంగతి పోలీసుల దాకా పోతే, ఆ పని చేసింది నేనేనని కన్నతండ్రే ముందుకొచ్చాడు. ఫాదర్ గారి పేరు చెప్పడం కంటే, కన్నకూతుర్ని చెరిచినవాడిగా జైలుకు పోవడమే ఆ తండ్రికి తేలికనిపించింది. గట్టిగా అడిగితే గానీ నిజం రాలేదు. ఆ ఊరి విచారణ గురువు, చర్చి స్కూలు మేనేజరు రాబిన్ వడక్కుంచేరికి 2019లో తలశ్శేరి పోక్సో కోర్టు 20 ఏళ్ళ శిక్ష వేసింది, తర్వాత హైకోర్టు పదేళ్ళకు తగ్గించింది. కోర్టు వేసిన శిక్ష కంటే, ఆ తండ్రి తనకు తాను వేసుకోబోయిన శిక్ష దగ్గరే నా మనసు ఆగిపోతుంది. ఒక మనిషికి అంత భయం, అంత భక్తి ఎవరు నేర్పారు? ప్రతి ఆదివారం ఎవరో ఒకరు నేర్పుతూనే ఉండి ఉంటారు.

ఆ భూపాలపల్లి ట్రాన్స్‌ఫర్ కూడా మన పెద్దలు కనిపెట్టిన విద్య కాదు. బోస్టన్‌లో జాన్ గేగన్ అనే ఫాదర్‌ను ఒక చర్చి నుంచి ఇంకో చర్చికి ఏళ్ళ తరబడి ఇలాగే తిప్పారు. 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టేనాటికి ఆయన మీద వేలెత్తినవాళ్ళు 130 మందికి పైనే. ఆ ఏడాది ఆఖరుకు అక్కడి ఆర్చిబిషప్ కార్డినల్ లా గారు గద్దె దిగాడు. ఇంగ్లండులో క్రైస్తవ శిబిరాల పేరుతో కుర్రాళ్ళను చిత్రహింసలు పెట్టిన జాన్ స్మైత్ గురించి 1982లోనే పెద్దలకు నివేదిక అందింది. దాన్ని గుట్టుగా దాచారు. ఆయన తీరిగ్గా జింబాబ్వే వెళ్ళి అక్కడా పిల్లలకు శిబిరాలు పెట్టాడు. 2024 నవంబరులో ఆ నిర్లక్ష్యానికి కాంటర్‌బరీ ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించాల్సి వచ్చింది. అదంతా తెల్లోళ్ళ రోగం అని తేలిగ్గా తీసేయకండి. హైదరాబాద్ నుంచి అమెరికాలోని రాపిడ్ సిటీకి సేవకు వెళ్ళిన ఒక ఫాదర్ 13 ఏళ్ళ బాలిక కేసులో 2018లో అరెస్టయి, నేరం ఒప్పుకొని, 2019లో ఆరేళ్ళ జైలు తెచ్చుకున్నాడు. అక్కడ ఆయన్ను బ్రాంచికి పంపలేదు.

మూడో అస్త్రం అన్నింటికన్నా పదునైంది. "అసలే మన మీద దాడులు జరుగుతున్నాయి. ఇది బయటపడితే మతోన్మాదుల చేతికి ఆయుధం ఇచ్చినట్టు కాదా?" ఈ భయం ఉత్త భయం కాదని నేనూ ఒప్పుకుంటాను. పాస్టర్ల మీద దాడులు, మందిరాల మీద రాళ్ళు, కట్టుకథల కేసులు, అన్నీ ఉన్నాయి. చర్చిలోనే ఈ రోగం ఉందనేవాడు కూడా అబద్ధాలకోరే. ఆశారాం బాపుకు 2018లో జోధ్‌పూర్ కోర్టు వేసిన జీవిత ఖైదు ఏ సిలువ నీడన జరిగిన నేరానికీ కాదు. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర గణాంకాల సంస్థ) లెక్కలు తీస్తే పోక్సో అత్యాచార కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బిడ్డకు తెలిసినవాళ్ళే, మామలు, పక్కింటివాళ్ళు, మాస్టర్లు. అయితే ఒక్క మాట. ఆయుధం తయారైంది పిల్ల నోట్లో కాదు, ఆ గదిలో. తయారుచేసినవాడికి మీరు సిఫారసు ఉత్తరం రాసిచ్చి, పిల్లను నోరు మూసుకోమన్నారు. సంఘం పరువు మొత్తం ఒక పన్నెండేళ్ళ పిల్ల భుజాల మీద మోయిస్తూ, అయిదుగురు పెద్దలు దేనికయ్యా?

మగపిల్లల తల్లిదండ్రులు ఇక్కడిదాకా నిశ్చింతగా చదివి ఉంటారు. 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లల్ని అడిగింది. సగానికి పైగా, 53.22 శాతం మంది ఏదో ఒక రకం లైంగిక వేధింపు చవిచూశామన్నారు. వాళ్ళలో మగపిల్లలే కాస్త ఎక్కువ. లెక్క అధ్వాన్నంగా ఉన్న నాలుగు రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటికి ఖని కూడా అందులోదే. రాష్ట్రం విడిపోయినప్పుడు నీళ్ళు, నిధులు, ఆస్తులు పంచుకున్నాం. ఆ లెక్కలో మా వాటా ఎంత అని ఎవరూ అడగలేదు.

అనాథ పిల్లల ఆశ్రమాల సంగతి విడిగా ఒక వ్యాసమే అవుతుంది. విదేశీ దాత వస్తే పిల్లలు వరసగా నిలబడి దండలు వేసి, పాట పాడి, ఆయన ఒళ్ళో కూర్చుని ఫొటో దిగాలి. పిల్లలకు ఇష్టమా అని ఎవరడుగుతారు, నెల నెలా వచ్చే డాలర్లకు ఇష్టమైతే చాలదా? 2015 బాలల న్యాయ చట్టం 41వ సెక్షను కింద ఇలాంటి ప్రతి ఆశ్రమమూ రిజిస్టరు కావాలి, కాకుండా నడిపితే ఏడాది దాకా జైలు గానీ లక్షకు తగ్గని జరిమానా గానీ, రెండూ గానీ. గోవాలో మడ్‌గావ్‌లో గురుకుల్ పేరుతో అనాథాశ్రమం నడిపిన ఫ్రెడీ పీట్స్ ఊరందరికీ పెద్దమనిషే, 1996లో జీవిత ఖైదు పడేదాకా. మన అమీన్‌పూర్‌లో 2020లో ఒక ప్రైవేటు ఆశ్రమంలో ఉన్న 14 ఏళ్ళ బాలిక చనిపోతే, అత్యాచారం కేసులో నిందితుడు ఆ ఆశ్రమానికి విరాళాలిచ్చే దాతే. అది చర్చి ఆశ్రమం కాదు. అందుకని ఊపిరి పీల్చుకునేవాళ్ళు పీల్చుకోవచ్చు.

ఏం చెయ్యమంటావు మరి, అంతా ఖర్చుతో కూడిన పని అంటారు. లెక్క వేద్దాం. పిల్లల గదిలో ఎప్పుడూ ఇద్దరు పెద్దవాళ్ళుండాలి, ఒకరికొకరు చుట్టాలు కానివాళ్ళు: ఖర్చు సున్నా. తలుపు తెరిచి ఉంచాలి, కిటికీ కర్టెన్ తీసెయ్యాలి: కర్టెన్ మిగులు. పిల్లలకు ఒంటరిగా ఫోన్లు, మెసేజీలు, బండి మీద దింపడాలు బంద్: పెట్రోలు మిగులు. రాత్రి పడుకునే క్యాంపులైతే పిల్లల గదులు వేరు, పెద్దల గదులు వేరు. కొత్తగా వచ్చినవాడి పాత సంఘానికి ఒక ఫోన్ కాల్, అన్‌లిమిటెడ్ ప్యాకులో పోతుంది. పిల్లలు వచ్చి చెప్పుకోవడానికి ఒక ఆడమనిషి ఉండాలి, ఆమె అయ్యగారి వదినో మరదలో కాకూడదు. ఇది మాత్రం కొన్ని సంఘాల్లో కష్టమే. కమిటీ మొత్తం ఒకే ఇంటిపేరు కదా.

ఇక చట్టం. 2012 నవంబరు 14 నుంచి అమల్లో ఉన్న పోక్సోలో 19వ సెక్షను ప్రకారం, నేరం జరిగిందని తెలిసినా, జరిగేట్టుందని అనుమానం కలిగినా పోలీసులకు చెప్పాలి. ఎవరు? ఎవరైనా సరే. పాస్టరు, పాస్టరమ్మ, కీబోర్డు ప్లేయరు, గంట కొట్టేవాడు. ముందు మీరు విచారణ చేసి నిజం తేల్చాలని ఎక్కడా లేదు. మీ రాత్రి తొమ్మిది పంచాయితీకి చట్టంలో కుర్చీ వెయ్యలేదు. మంచి నమ్మకంతో చెప్పినవాడి మీద కేసుండదు. పిల్లను ఠాణాకు ఈడుస్తారన్న భయం అక్కర్లేదు, వాళ్ళింట్లోనో వాళ్ళకు నచ్చిన చోటో, యూనిఫాం లేకుండా వచ్చి, వీలైనంతవరకు మహిళా ఎస్‌ఐయే వాంగ్మూలం తీసుకోవాలని 24వ సెక్షను. మతసంస్థలో ఉన్నవాడే అక్కడి బిడ్డ మీద అత్యాచారం చేస్తే చట్టం దాన్ని మామూలు నేరంగా చూడదు, తీవ్రమైన నేరాల వరసలో పెట్టింది. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష ఇరవై ఏళ్ళకు తగ్గదు.

మరి తెలిసి ఊరుకున్న పెద్దలకు? 21వ సెక్షను. మామూలు మనిషికైతే ఆరు నెలల దాకా జైలో, జరిమానానో, రెండూనో. సంస్థకు బాధ్యుడై ఉండి, తన కింద పనిచేసేవాడి నేరం దాచితే ఏడాది దాకా జైలు, జరిమానా అదనం. జైలు పరిచర్య మొదలుపెట్టాలని మన అయ్యగారికి చాలాకాలంగా భారం ఉంది, కరీంనగర్ జైలు అధికారులు పర్మిషనే ఇవ్వడం లేదని రెండు ఆదివారాలకోసారి వాపోతుంటారు. ఈ సెక్షను కింద పోతే పర్మిషన్ అక్కర్లేదు, బస, భోజనం సర్కారే చూసుకుంటుంది, వెరిఫికేషన్ కూడా వాళ్ళే చేస్తారు.